తులసి మంజరి ఎవరి కోసం?

పంచామృతాభిషేకంలో పాలు, పెరుగు, నెయ్యి సమర్పించిన పిదప నాల్గవదిగా స్వామికి తేనెను అభిషేకిస్తాము. ఆ సమయంలో పఠించే మధు ఋక్కులు ఋగ్వేదం మొదటి మండలం, 90వ సూక్తంలోనివి. గాలి, నదులు, ఓషధులు, రేయింబవళ్లు, నేలలోని ధూళి, చెట్లు, సూర్యుడు, గోవులు, ఇవన్నీ మధుమయం కావాలన్నది ఆ ప్రార్థన సారాంశం. నలభై ఏళ్లుగా ఆ మంత్రాలు చెబుతూ తేనె పోసిన చేతులివి. ఆ తేనె ఎక్కడిదన్న విచారణ మాత్రం ఎన్నడూ చేయలేదు. అంగడిలో సీసా కొన్నాము, మూత తీశాము, అభిషేకించాము. ఓషధులు మధుమయం కావాలని నోటితో ప్రార్థిస్తూనే, అదే ప్రాకారంలోని తులసివనంలో పూసిన ప్రతి మంజరినీ చేతితో తుంచి పారవేస్తూ వచ్చాను. ఈ రెండింటికీ పొత్తు కుదరదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మంజరి తుంచడం తప్పని అనను. గింజ పట్టడం మొదలైన తులసి తన సత్తువనంతా విత్తనానికే ధారపోస్తుంది. ఆకులు చిన్నవవుతాయి, కాండం కొయ్యబారుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. వెన్నులు తుంచుతూ వచ్చిన తులసి గుబురుగా పెరిగి మూడు నాలుగేళ్లు నిలుస్తుంది. తులసమ్మ తలమీద బరువు ఉంచరాదని మన ఇళ్లలో పెద్ద ముత్తైదువలు చెప్పే మాట వెనుక ఉన్నది ఈ అనుభవమే. కాని ప్రతి ఇంటా, ప్రతి గుడిలోనూ, ప్రతి మంజరినీ తుంచివేస్తే విత్తనం ఎక్కడి నుండి వస్తుంది? తులసి ఎండిపోయిన ప్రతిసారీ నర్సరీకి పరుగెత్తవలసిందే. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. ఆ పువ్వు మీద ఆధారపడిన ప్రాణుల నోటి దగ్గరి కబళాన్ని మనం లాగివేస్తున్నాము.

తులసి మన ఉపఖండానికి స్వస్థలమైన మొక్క. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1753లో దీనికి ఓసిమమ్ టెన్యుఫ్లోరమ్ అని నామకరణం చేశాడు. 1767లో ఆయనే ఓసిమమ్ శాంక్టమ్ అని మరొక పేరు పెట్టాడు. శాంక్టమ్ అంటే లాటిన్ భాషలో పవిత్రమైనదని అర్థం. ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నియమం చేత నేడు శాస్త్రజ్ఞులు మొదటి పేరునే వాడుతున్నారు. పవిత్రమన్న పేరు పక్కకు పోయిందని మనం బాధపడనవసరం లేదు. మన ఇళ్లలో అది చెరగలేదు.

ఒక మంజరిని కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. ఈనె చుట్టూ అంతస్తులు అంతస్తులుగా, సాధారణంగా అంతస్తుకు ఆరేసి చొప్పున చిన్న పూలు కనిపిస్తాయి. ఒక్కొక్క పువ్వుకు రెండు పెదవులు. కింది పెదవి తేనెటీగ వాలడానికి వేసిన పీట వంటిది. నాలుగు కేసరాలు ఆ పీట మీదుగా ముందుకు చాచి ఉంటాయి కనుక, ఈగ తేనె కోసం తల దూర్చగానే దాని పొట్టకు పుప్పొడి అంటుకుంటుంది. మరొక పువ్వు మీద వాలినప్పుడు ఆ పుప్పొడి అక్కడికి చేరుతుంది. పూరేకులు రాలిన తరువాత అడుగున మిగిలే చిన్న గిన్నెలో నాలుగు గింజలు తయారవుతాయి.

ఆ పీట మీదికి వచ్చే అతిథులు ఒకరిద్దరు కారు. గోపురాల మీద, కొండ చరియల మీద, ఎత్తైన చెట్ల మీద ఒకే ఒక పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ ఉన్నది. పొదలో సన్నని కొమ్మకు అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ ఉన్నది. చెట్టు తొర్రలలో, పుట్టలలో, గోడ సందులలో వరుసగా అనేక పట్టులు పెట్టే ఈగ ఉన్నది. ఇవి మూడూ మన దేశవాళీ తేనెటీగలే. ఇవిగాక కుట్టడమే తెలియని, దోమకన్న కొంచెం పెద్దదైన ఈగ. పొట్టమీద నీలి చారలతో గాలిలో నిలిచి ఝుంకారం చేసే ఒంటరి ఈగ. ఎండు కొయ్యను తొలిచి కాపురముండే నల్లని తుమ్మెద. శ్రీశైలంలో భ్రమరాంబగా అమ్మవారిని కొలుస్తున్నాము. అరుణాసురుని సంహరించడానికి అసంఖ్యాకమైన తుమ్మెదల రూపం దాలుస్తానని అమ్మవారు పలికినట్లు దేవీ మాహాత్మ్యం పదకొండవ అధ్యాయంలో ఉన్నది. ఆ నామాన్ని భక్తితో జపిస్తూనే, గుమ్మంలో తుమ్మెద కనిపిస్తే చీపురు అందుకుంటాము.

తేనెటీగ వాలిన మంజరి పూజకు తగునా?

ఈ సందేహాన్ని చాలామంది గృహిణులు నన్ను అడిగారు. మంజరులను వనంలో ఉంచండి అనగానే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఈగ ఎంగిలి చేసినది స్వామికి ఎట్లా పెడతామని.

పురుగు తొలిచిన పువ్వు, వెంట్రుక చిక్కిన పువ్వు, వాసన చెడిన పువ్వు పూజకు పనికిరావు. భ్రమరం వాలడం దోషం కాదు. ఎంగిలి అన్న లెక్కే పట్టుకుంటే పూజామందిరంలో ఏమీ మిగలదు. పెద్దల నోట తరచు వినిపించే ఒక శ్లోకం ఐదు వస్తువులను చమత్కారంగా నిందిస్తున్నట్లే చెప్పి, చివరకు అవి పరమ పవిత్రాలని తేల్చుతుంది. దూడ ఎంగిలి అయిన పాలు, శివుని నిర్మాల్యమైన గంగ, ఈగ కక్కిన తేనె, చచ్చిన పురుగు మీది వస్త్రమైన పట్టు, కాకిరెట్ట నుండి మొలిచిన రావి. ధర్మవరం పట్టుచీరను అమ్మవారికి కట్టి, తేనెతో అభిషేకం చేసే మనకు, తులసి పువ్వు మీద ఈగ వాలిందన్న సంకోచం ఎందుకు? తులసిని మంజరితో కూడా స్వామికి అర్పించడం ప్రశస్తమన్నది మన సంప్రదాయం. ఆ మంజరి పూర్తిగా వికసించాలంటే దానిని కొన్నాళ్లు మొక్క మీద ఉండనివ్వాలి కదా.

తులసి కోతకు పెద్దలు పెట్టిన నియమాలను కూడా ఈ దృష్టితో మరొకసారి చూడవలసి ఉన్నది. ద్వాదశినాడు కోయరాదు. సంధ్యవేళ, రాత్రివేళ కోయరాదు. మంగళ, శుక్ర, ఆదివారాలలో ముట్టని ఇళ్లు అనేకం. ఇవన్నీ కలిపితే మొక్కకు వారంలో దాదాపు సగం విశ్రాంతి లభిస్తుంది. పైగా తులసీదళానికి పర్యుషిత దోషం లేదు. నిన్న కోసినది నేడు వాడవచ్చు. ఈ సౌకర్యం ఉండి కూడా రోజూ బుట్టల కొద్దీ దూయడం మా వంటి అర్చకుల అలవాటే తప్ప శాస్త్రం కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన ఇరవై నలుగురు గురువులను గూర్చి చెబుతూ తేనెటీగను కూడా పేర్కొంటాడు. ఏ ఒక్కరినీ పీడించకుండా ఇంటింటా కొద్దికొద్దిగా భిక్ష స్వీకరించడం ఆయన దాని నుండి నేర్చుకున్న పాఠం. మొక్కను మోడు చేసే చేతులకు ఆ గురువు దగ్గర ఇంకా నేర్చుకోవలసినది ఉన్నది.

ఈ మూడు ఊళ్ల నేలలో

గుంతకల్లు నుండి బెంగళూరుకు పోయే రైలు మార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. 2022లో అనంతపురం నుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊళ్లివి. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. మెట్ట చేలలో పండేది ఒక్క పంట, అదీ వాన దయ ఉంటేనే. వేరుశనగ పీకిన తరువాత ఆ ఎర్రనేలలో నెలల తరబడి పువ్వన్నది కనబడదు. వసంతంలో వేప, కానుగ పూస్తాయి. అవి రాలితే మళ్లీ కరవే. తులసి అట్లా కాదు. రోజుకు ఒక చెంబెడు నీరు పోసిన చోట ఏడాదిలో అధిక భాగం పూస్తూనే ఉంటుంది. ప్రతి ఇంటి ముంగిట ఉండి, ప్రతి దినమూ నీరందే మొక్క మన ఊళ్లలో మరొకటి ఏదీ? వేయి ఇళ్లలో వేయి కోటల మీద తలా రెండు మంజరులు నిలిచినా తేనెటీగలకు అది ఒక అన్నసత్రం.

ఆ సత్రం వల్ల మనకేమిటని అడిగేవారికి హిందూపురం చింతపండు మార్కెట్‌ను చూపుతాను. చింతపువ్వు కాయగా మారడంలో తేనెటీగల పాత్ర గొప్పది. పొద్దుతిరుగుడులో గింజ నిండడానికి, గుమ్మడి, సొర, బీర పిందె నిలవడానికి ఈగల రాకపోకలు కావాలి. 1990ల తొలినాళ్లలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణ భారతంలో పెట్టెలలో పెంచే దేశవాళీ తేనెటీగల గూళ్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ దెబ్బ తరువాత విదేశీ ఇటాలియన్ ఈగల పెంపకం దక్షిణాదిన కూడా బాగా విస్తరించింది. అంగడి సీసాలలోని తేనెలో వాటిదే అధిక భాగం. అది తప్పు కాదు. అయితే మన పొదలలో, తొర్రలలో ఉండే ఈగలను పెట్టెలో పెట్టి పంచదార నీరు పోసే యజమాని ఎవడూ లేడు. వాటికి పువ్వు ఒక్కటే దిక్కు.

పురుగుమందుల సంగతి ఈ ప్రాంత రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మందు చల్లిన మల్బరీ ఆకు మేపితే పట్టుపురుగులు చస్తాయి. అందుకే పట్టుగూళ్లు పండించే రైతు పక్క చేనివాడు మందు కొట్టే రోజున గాలి ఎటు వీస్తున్నదో చూసుకుంటాడు. పట్టుపురుగు మీద ఉన్న ఆ జాగ్రత్తలో పాతిక పాలు తేనెటీగ మీద చూపినా చాలు.

ఇక్కడ నా దోషమొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊరి ఆలయంలో ఉత్సవాలకు ముందు గోపురం మీది పెద్ద తేనెపట్టును రాత్రివేళ కాగడాలతో కాల్పించారు. భక్తులను కుడతాయన్న భయం వారిది. ఆ భయం నిరాధారం కాదు. నేను అక్కడే ఉన్నాను, వారించలేదు. మరునాడు తెల్లవారుజామున గోపురం అడుగున రాలిన ఈగలను చేటలతో ఎత్తి పోశారు. ఆ ఉదయం అభిషేకంలో తేనె వంతు వచ్చినప్పుడు నా గొంతు సరిగా పలకలేదు. కొండ తేనెటీగలు ఒకచోట స్థిరంగా ఉండవని, కొన్ని నెలలుండి పువ్వులను బట్టి వలసపోతాయని తరువాత తెలుసుకున్నాను. ఉత్సవ సమయానికి తప్పనిసరిగా తొలగించవలసి వస్తే, చంపకుండా పట్టు తీసే నేర్పరులు ఉన్నారు. వారిని ముందుగా పిలవాలి. మిగిలిన రోజులలో గోపురం వారి ఇల్లు కూడా అనుకుంటే సరిపోతుంది.

గింజ నుండి మొక్క

తులసి విత్తనం వేయడం నాకు మొదటి ఏడు చేతకాలేదు. వేరుశనగ విత్తే ఊరిలో పుట్టినవాడిని కనుక అంగుళం లోతున గుంత తీసి గింజ వేసి మట్టి కప్పాను. ఒక్కటీ మొలవలేదు. రెండవ ఏడు పైపైన చల్లాను. చీమలు పండుగ చేసుకున్నాయి. మా ఆలయానికి కూరగాయలు తెచ్చి ఇచ్చే ఒక రైతు చూసి, స్వామీ ఇది నారుగింజ, విత్తే గింజ కాదని నవ్వి పద్ధతి చెప్పాడు. వేదం చదివినవాడు మడి దగ్గర శిష్యుడు కావడంలో అవమానం ఏముంది?

మంజరి అడుగు భాగం గోధుమరంగుకు తిరిగి, కొసన ఇంకా ఒకటి రెండు పూలు ఉన్నప్పుడు కోయాలి. మొత్తం ఎండేదాకా ఆగితే అడుగు గింజలు నేల పాలవుతాయి. కోసిన వెన్నులను తెల్లని గుడ్డ మీద నీడలో వారం రోజులు ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు మెల్లగా ఊదివేస్తే ఆవగింజ కన్న చిన్నవైన ముదురు రంగు గింజలు మిగులుతాయి. వాటిని కాగితపు పొట్లంలోనో నూలు గుడ్డలోనో కట్టి పొడిచోట ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో తడి నిలిచి బూజు పడుతుంది.

కార్తీక, మార్గశిరాలలో సేకరించిన గింజను వెంటనే చల్లవద్దు. ఈ సీమ చలిలో మొలక సరిగా రాదు. రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించిన తరువాత చల్లితే నారు చక్కగా లేస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, జల్లించిన మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి వెడల్పాటి మట్టి తొట్టిలో నింపాలి. తొట్టి అడుగున నీరు పోయే రంధ్రం తప్పనిసరి. గింజలకు పిడికెడు సన్నని ఇసుక, చిటికెడు కట్టెల బూడిద కలిపి పైన పలుచగా చల్లాలి. ఇసుక వల్ల గింజలు ఒకేచోట కుప్ప పడవు, బూడిద వల్ల చీమలు కొంత దూరంగా ఉంటాయి. ఆ మీదట అరచేతితో మెల్లగా అదిమితే చాలు. తులసి గింజకు మొలవడానికి వెలుతురు కావాలి. మట్టి కప్పితే నాకు జరిగినట్లే జరుగుతుంది. నీటిని ధారగా పోస్తే గింజ కొట్టుకుపోతుంది. వేపమండ తడిపి చిలకరించండి. ఎండ సూటిగా పడని వెలుతురులో ఉంచి రోజుకు రెండుమార్లు తడి చూసుకుంటే ఎనిమిది నుండి పద్నాలుగు రోజులలో మొలక కనిపిస్తుంది.

మొలిచిన తరువాత నీరు ఎక్కువ పోయడమే అందరూ చేసే పొరపాటు. మొదలు కుళ్లి మొలక వాలిపోతుంది. ఆరు వారాలకు నాలుగైదు ఆకులు వచ్చిన నారును సాయంవేళ వేరు చెదరకుండా తీసి, మూరెడు ఎడంగా నాటాలి. కృష్ణతులసి గింజ వేసి పచ్చని మొక్క వచ్చిందని కొందరు కంగారు పడతారు. పక్కనే లక్ష్మీతులసి ఉంటే ఈగలు పుప్పొడిని కలపడం వల్ల అట్లా రావచ్చు. అపచారమేమీ కాదు.

ధర్మవరంలో మగ్గమున్న ఇళ్లలో పెరడుకు చోటుండదు. మగ్గం గుంత, పడుగు, అచ్చు, వాటి మధ్యనే సంసారం. అయినా మేడ మీద రెండు తొట్లు పట్టని ఇల్లు లేదు. ఒకటి పూజకు, ఒకటి ఈగలకు అని నేను చెబుతాను. పూజ తొట్టిలో వెన్నులు తుంచుకోండి, గుబురుగా ఉంటుంది. రెండవ తొట్టిలో పూసినవి పూసినట్లే ఉండనివ్వండి, అది తొందరగా ముదిరితే దాని గింజతోనే కొత్త నారు పోయండి. ఒకే కోట ఉన్నవారు ఒక కొమ్మకు మాత్రం మంజరి విడిచిపెట్టండి. ఆకులు ముడుచుకుపోయి అడుగున నల్లని చిన్న పురుగులు కనిపిస్తే నీటితో గట్టిగా కడిగి, ఈగలు తిరగని సంధ్య తరువాత వేపగింజల కషాయం చిలకరించండి. బజారు మందు తులసికి వాడవద్దు. ఆ ఆకు తీర్థంలో మన నోటికి కూడా వస్తుంది.

తొట్టి పక్కన ఒక మూకుడులో నీరు పోసి నాలుగు గులకరాళ్లు వేయండి. ఎండాకాలం మధ్యాహ్నాలలో మా ఆలయం అభిషేకజలం బయటకు వచ్చే తూము దగ్గర తేనెటీగలు బారులు తీరుతాయి. అది వాటి దాహం. లోతైన పాత్రలో పడి చస్తాయి కనుక రాళ్లు అవసరం.

తులసి వరకే ఆగనక్కరలేదు. వినాయకచవితి ఏకవింశతి పత్రాలలోని విష్ణుక్రాంత మన బీళ్లలో నేలను అంటుకుని నీలి పూలు పూసే చిన్న మొక్క. వేరు బతికి ఉంటే మరుసటి ఏడు మళ్లీ చిగురిస్తుంది. పత్రి కోసం వేరుతో సహా పీకడం మానితే అదే పెద్ద సేవ. పత్రిలోని జిల్లేడు పువ్వు తుమ్మెదలకు విందు, దాని ఆకు కొన్ని సీతాకోకచిలుకల గొంగళ్లకు అన్నం. రథసప్తమికి ఏడు ఆకులు కోసుకుని పొద నరకకుండా వదలండి.

ఆలయ నందనవనం మన దేశంలో కొత్త ఊహ కాదు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తునికి గోదాదేవి దొరికింది తులసివనంలోనే. ఆ కథను ఆముక్తమాల్యదగా తెలుగులో రచించిన శ్రీకృష్ణదేవరాయల విజయనగర రాజ్యానికి 1565 తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని అయిన ఊరు మన పెనుకొండ. తిరుమలలో రామానుజుల ఆజ్ఞతో అనంతాళ్వారు పూలతోట వేసిన వృత్తాంతం అందరికీ తెలిసినదే. ఆ తోటలలో పూలు దేవునికే వినియోగమయ్యాయని చదివాము. వాటి మీద తుమ్మెదలు తిరిగే ఉంటాయి. అవి తిరగని తోటను ఏ కవీ వర్ణించలేదు.

పొద్దున్నే తులసి కోయడానికి వెళ్లేవారికి ఒక మాట. మంజరులున్న మొక్కను ముందు మెల్లగా కదపండి. నీలి చారల ఈగలు రాత్రి ఎండు పుల్లను నోటితో కరిచిపట్టుకుని నిద్రిస్తాయి. ఎండ తగిలేదాకా లేవలేవు. మొదటిసారి నేను వాటిని చచ్చినవనుకుని దులపబోయాను. సూర్యోదయమైన కాసేపటికి ఒక్కొక్కటీ రెక్కలు విదిల్చుకుని ఎగిరిపోయింది.

కార్తీక శుద్ధ ద్వాదశినాడు, క్షీరాబ్ది ద్వాదశి, తులసమ్మకు ఉసిరికొమ్మతో కల్యాణం చేస్తాము. ఆనాడు ముత్తైదువలకు ఇచ్చే తాంబూలంలో చిటికెడు తులసి గింజల పొట్లం ఉంచడం మా ఆలయంలో మొదలుపెట్టాము. పొట్లం మీద రాస్తున్నది మూడే మాటలు: మృగశిరలో చల్లండి, మట్టి కప్పవద్దు, ఒక కొమ్మకు మంజరి ఉంచండి.